బాపట్ల బస్సులో తెనాలి సీటు

అది 1988, మాఘమాసం. రేపల్లె దగ్గర ఒక ఊరి తిరునాళ్ళకు నన్ను తెనాలి నుంచి స్పెషల్ డ్యూటీ మీద పంపారు. అప్పట్లో నేను బస్సు డిపోలో ట్రాఫిక్ కంట్రోలర్‌ని. కంట్రోలర్ అంటే బస్టాండులో గూటిలో కూర్చుని మైకులో అరిచేవాడని చాలామంది అనుకుంటారు. అరవడం ఆ ఉద్యోగంలో తేలిక భాగం. ఏ బస్సు ఏ ఊరికి ఎప్పుడు కదలాలి, ఎటు వెళ్ళే జనం పేరుకుపోతే ఏ బస్సును అటు మళ్ళించాలి అన్నది అక్కడికక్కడే తేల్చాలి. తప్పు తేలిస్తే తిట్లు తినాలి. సరిగ్గా తేలిస్తే ఎవరికీ తెలియను కూడా తెలియదు. అందుకే నా గొప్ప నేనే చెప్పుకుంటున్నాను, మీరు ఏమనుకున్నా సరే.

ఆ తిరునాళ్ళకు రెండు ఆకర్షణలు. సాయంత్రం స్వామివారి ఊరేగింపు, చీకటి పడ్డాక బాణసంచా. ఊరేగింపులో మేళాలు, కోలాటాలు, కీలుగుర్రాలు, ఎడ్లబండి మీద కట్టిన ఎత్తైన ప్రభ. బాణసంచా మాత్రం ఊరి బయట కోతలైన పొలంలో. తారాజువ్వలు, చిచ్చుబుడ్లు, చివర్న పెద్ద ఔటు. ఆ ఔటు పేలితే కిటికీ తలుపులు దడదడలాడేవి. దాని కోసమే చుట్టుపక్కల ఊళ్ళన్నీ మెడలు ఎత్తి నిలబడేవి.

మాకు కష్టకాలం ఆ ఔటుతోనే మొదలయ్యేది. పొద్దుట్నుంచి విడివిడిగా, తీరిగ్గా వచ్చిన జనం అందరూ ఒకేసారి ఇంటికి బయల్దేరుతారు. లాకులు ఎత్తిన కాలువలా ఒక్కసారిగా పొలంలోంచి రోడ్డు మీదకి, రోడ్డు మీంచి మా తాత్కాలిక బస్టాండులోకి వచ్చిపడతారు. రద్దీ తప్పించుకోవడం ఎలాగండీ అని నన్ను అడిగిన వాళ్ళందరికీ నేను ఒకటే చెప్పేవాణ్ణి. ఊరేగింపు గుడి వీధిలో ఉన్నప్పుడు బస్టాండులో పిట్ట కూడా ఉండదు, వెళ్ళాలంటే అప్పుడు వెళ్ళండి. లేదంటే ఆఖరి ఔటును దూరం నుంచే విని సంతోషించి ముందే బస్సెక్కండి. రెండూ కుదరకపోతే ఎక్కడో కూర్చుని పులిహోర పొట్లం విప్పుకుని, తిని, చేతులు కడుక్కుని నిదానంగా రండి. ఈ ముగ్గురికీ కిటికీ పక్క సీటు దొరుకుతుంది. ఔటు పేలగానే పరిగెత్తినవాడికి చొక్కా గుండీలు కూడా మిగలవు.

అందరూ తలాడించేవారు. అందరూ ఔటు పేలగానే పరిగెత్తేవారు.

ఇంకో అలవాటు గురించి కూడా చెప్పాలి. మన వైపు సీటు పట్టుకోవడానికి కండక్టరుతో, తలుపుతో పనిలేదు. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తుండుగుడ్డో, చేతిరుమాలో, చెప్పో లోపలికి విసురుతారు. అది పడ్డ సీటు వాళ్ళది. దీనికి చట్టం ఏమీ లేదు గాని, చట్టం కంటే గట్టి మర్యాద ఉంది. తిరునాళ్ళ రోజుల్లో మాత్రం గుడ్డకు విలువ పడిపోతుంది. ఎవడో తీసి అవతల పారేస్తాడు. అందుకని పిల్లల్ని ఎక్కిస్తారు. గుడ్డను తీసెయ్యగలరు గాని, పిల్లని తీసెయ్యలేరు కదా.

ఆ సాయంత్రం తెనాలి వెళ్ళే జనం కంటే బాపట్ల వెళ్ళే జనం ఎక్కువగా పోగయ్యారు. ఔటుకు ముందే నేను ఆ సంగతి పసిగట్టాను. అప్పుడే తెనాలి నుంచి ఒక బస్సు వచ్చింది. కండక్టరు ఇమ్మానుయేలు, మా డిపోలో నెమ్మదస్తుడని పేరున్న మనిషి. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతు కాబట్టి టికెట్ టికెట్ అన్నా రాగంగానే ఉండేది. అతనితో ఈ బస్సును బాపట్లకి తిప్పు అన్నాను. సరేనండి అని ముందు అద్దం దగ్గరున్న తెనాలి రేకు బోర్డు తీయించి, బాపట్ల బోర్డు పెట్టించాడు. ఆ కాస్త వ్యవధిలోనే ఔటు పేలింది. జనం వచ్చిపడ్డారు. బస్సు నిండింది. కదిలింది. బాపట్ల గుంపు సగం తగ్గిందని నేను సంతోషపడ్డాను.

ఇంకో రెండు బస్సులు పంపించాక, ఒకాయన జనాన్ని మోచేతులతో తోసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. చొక్కా భుజం దగ్గర చిరిగింది.

"మా పిల్లండీ బాబూ! మా పిల్ల బస్సులో వెళ్ళిపోయిందండి!"

వెనకాలే ఆయన భార్య, నెలలు నిండుతున్న మనిషి. ఆమె భుజం పట్టుకుని కుంటుతూ ఆయన తల్లి. కొలకలూరు నుంచి వచ్చారు. ఆయన పేరు నాగేశ్వరరావు, వ్యవసాయ పనులు చేసుకునేవాడు. తల్లికి మోకాలు వాచి నిలబడలేని స్థితి. భార్య పరిస్థితి చెప్పనక్కర్లేదు. ఇద్దరికీ సీటు దొరక్కపోతే తెనాలి దాకా ఎలాగని, అయిదేళ్ళ కూతురు విజయను కిటికీలోంచి లోపలికి అందించి, ముగ్గురు కూర్చునే సీటు మీద తుండు పరిపించాడు. తాను తలుపు దగ్గరికి చేరేలోపు జనం ఆయన్ని కాలువ గట్టు దాకా తోసేశారు. తిరిగి వచ్చేసరికి బస్సు లేదు.

"ఏ బస్సండీ?" అన్నాను.

"తెనాలి బస్సేనండి. బోర్డు నేనే చదివానండి."

తెనాలి బస్సులు అప్పటికి రెండు వెళ్ళాయి. రెండింటినీ కదిలించే ముందు నేను స్వయంగా లోపలికి తొంగిచూశాను. ముగ్గురి సీటులో ఒంటరిగా పిల్ల కూర్చుని ఉంటే కనబడకపోదు. అక్కడ నాకు అనుమానం వచ్చింది.

"పిల్లని ఎక్కించినప్పుడు బస్సు ముక్కు ఎటుంది? కాలువ వైపా, గుడి వైపా?"

ఆయన తల్లి వైపు తిరిగాడు. ముసలావిడ చెప్పింది. "గుడి వైపేనయ్యా. గోపురం దీపాలు అద్దంలో కనపడుతుంటే నేను దణ్ణం పెట్టుకున్నా."

తెనాలి వెళ్ళే బస్సులన్నీ కాలువ వైపు తిరిగి నిలబడేవి. తిరగకుండా గుడి వైపు నిలబడ్డ బస్సు ఆ వేళ ఒక్కటే. అప్పుడే తెనాలి నుంచి వచ్చింది, తెనాలి బోర్డు ఇంకా దిగనిది. అంటే ఇమ్మానుయేలు బస్సు. పాప బాపట్ల పోతోంది.

ఆ మాట చెబితే తల్లి అక్కడే కూలబడింది. "బాపట్లలో మాకెవరూ లేరండీ. ఎవరైనా దింపేస్తే? ఎవరైనా ఎత్తుకుపోతే?" అని నా కాళ్ళ దగ్గర నేలను పట్టుకుని ఏడుస్తోంది. చుట్టూ జనం. ఎవరి బస్సు కోసం వాళ్ళు నా మీద అరుస్తున్నారు. ఒకాయన నా చేతిలో విజిల్ లాక్కోబోయాడు. వాడి మీద నేను అరిచిన అరుపు అవతలి గట్టు దాకా వినిపించి ఉంటుంది. నాకు కోపం తొందరగా వస్తుంది. ఆ రోజు అది పనికొచ్చింది.

బందోబస్తుకు వచ్చిన పోలీసుల డేరాలో వైర్‌లెస్ సెట్టు ఉంది. ఫోన్లు లేని చోట అదే దేవుడు. అక్కడికి పరిగెత్తి సంగతి చెప్పాను. బాపట్ల బస్సు చెరుకుపల్లి మీదుగా పోవాలి. అక్కడి స్టేషన్‌కి కబురు పంపమన్నాను. సెట్టు దగ్గర కూర్చున్నాయన గరగరల మధ్య రెండుసార్లు చెప్పాడు. అవతలి నుంచి ఒక మనిషిని రోడ్డు మీదకి పంపుతామన్నారు. ఆ తర్వాత ఎవరో కొట్టుకున్నారని వేరే కబుర్లు మొదలయ్యాయి, సెట్టు మాకు అందలేదు. బస్సు ఆగిందో, అప్పటికే చెరుకుపల్లి దాటిపోయిందో తెలియలేదు.

నా దగ్గర ఒక స్పేర్ బస్సు ఉంది. ఏదైనా బస్సు చెడిపోతే దాని బదులు పంపడానికి పక్కన ఉంచుకునే బస్సు. దాన్ని కదిలించాలంటే నేను పై అధికారికి సమాధానం చెప్పుకోవాలి. చెప్పుకుంటాను అనుకున్నాను. చెరుకుపల్లి నుంచి అమృతలూరు మీదుగా తెనాలి పోవచ్చు. అంటే కుటుంబాన్ని దార్లో పిల్ల దగ్గరికి చేర్చి, అదే బస్సులో ఇంటికి పంపవచ్చు. తెనాలి జనమూ తగ్గుతారు. మా డిపోలో పెద్ద డ్రైవరు మస్తాన్‌గారిని అందరూ బాబాయ్ అనేవాళ్ళం. ఆయన చేతిలో విజిల్ పెట్టి, "బాబాయ్, గుంపు తగ్గేదాకా మీరే కంట్రోలర్," అన్నాను.

"నువ్వెళ్ళు అబ్బాయ్. నేను ఊదితే కొండైనా పక్కకి జరగాల్సిందే," అన్నాడు ఆయన.

స్పేర్ బస్సు తలుపు తెరిచీ తెరవగానే జనం చీమల్లా పట్టేశారు. ముసలావిణ్ణి, ఆ తల్లిని ముందు ఎక్కించి ముగ్గురి సీటులో కూర్చోబెట్టాను. కిటికీ పక్కన ఒక్కరికి చోటు మిగిలింది. నా మెడలో తుండు తీసి ఆ చోట పరిచాను. ఒకాయన అందులో కూర్చోబోతే అడ్డం నిలబడ్డాను.

"ఖాళీగానే ఉంది కదండీ?"

"ఖాళీ లేదండి. మనిషి ఉంది."

"కంట్రోలర్ గారూ, మీరు కూడా తుండు వేస్తే ఇంక మాకు దిక్కెవరండీ?"

బస్సంతా నవ్వింది. నవ్వనివ్వండి అనుకుని అలాగే చేతులు చాపి నిలబడ్డాను. జనంలో ఒక్క చోటు కాపాడటం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. ఒకరు సంచీ పెడతారు, ఒకరు మోకాలు ఆనిస్తారు, ఒకరు కాసేపే కదండీ అంటారు. ఇంతమందిని తోలిన నేనే ఇలా ఉంటే, అయిదేళ్ళ పిల్ల ఏం చేసి ఉంటుందా అనుకున్నాను. నాగేశ్వరరావు ముందు కడ్డీ పట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు.

చెరుకుపల్లి దగ్గర పడుతుండగా రోడ్డు పక్కన ఎర్రదీపాలు కనబడ్డాయి. బాపట్ల బోర్డుతో బస్సు ఆగి ఉంది. చుట్టూ మనుషులు మూగి ఉన్నారు. జనం మూగితే నాకు వృత్తి కొద్దీ ఏదో కీడే తోస్తుంది. నాగేశ్వరరావు మా బస్సు ఆగకముందే దూకేశాడు. నేనూ వెనకే పరిగెత్తాను.

ఇమ్మానుయేలు ఎదురొచ్చాడు. మొహం వాడిపోయింది. "రండి సార్, మీరొచ్చారు, బతికాను. ఆ అమ్మాయితో మావల్ల కావట్లేదండి."

లోపల దృశ్యం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. నిలబడ్డానికి చోటు లేని బస్సులో మధ్యలో ఒక ముగ్గురి సీటు మాత్రం ఖాళీగా ఉంది. దాని మీద ఎర్రగళ్ళ తుండు. తుండు మీద అడ్డంగా, ఒక చివర నుంచి రెండో చివర దాకా కాళ్ళు చాపుకుని, పూల గౌను వేసుకున్న పిల్ల. ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుంది. పక్కన కానిస్టేబుల్ చెమట తుడుచుకుంటున్నాడు.

కండక్టరు చెప్పిన సంగతి ఇది. బస్సు కదిలిన దగ్గర్నుంచి ఆ పిల్ల ఎవర్నీ కూర్చోనివ్వలేదు. మా నాన్న వస్తాడు, మా నాయనమ్మకి కాలు నొప్పి, ఇది మా సీటు, అంతే. మొదట్లో అందరూ కసిరారు. ఒకావిడ లాగబోతే చెయ్యి కొరికింది. మీ నాన్న ఎక్కడమ్మా అంటే, తలుపు దగ్గర ఉన్నాడు, జనం తగ్గాక వస్తాడు అంది. బస్సులో వెతికితే నాన్న లేడు. అప్పటికి అందరికీ అర్థమైంది. చెరుకుపల్లిలో పోలీసు ఆపి దిగమంటే దిగనంది. లేస్తే సీటు పోతుందట. బిస్కెట్లు ఇస్తామన్నా లేవలేదు. కానిస్టేబుల్ ఎత్తుకోబోతే ఊచ పట్టుకుని ఊరంతా వినపడేలా అరిచింది. అప్పుడు వింత జరిగిందట. అంతదాకా పిల్లని కసిరిన వాళ్ళే పోలీసు మీదకి లేచారు. దాని సీటు దానికి ఉండనివ్వండి, వాళ్ళ నాన్న వచ్చేదాకా మేమూ ఉంటాం అన్నారు. నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్నా, చెయ్యి కొరికించుకున్న ఆవిడతో సహా, ఒక్కరూ ఆ సీటులో కూర్చోలేదు.

నాగేశ్వరరావు జనంలోంచి వెళ్ళి ఆ సీటు ముందు నిలబడ్డాడు.

పిల్ల మాత్రం ఏడవలేదు. తండ్రిని చూసి కోపంగా అంది. "ఎంత సేపు నాన్నా! వీళ్ళందరూ అడుగుతున్నారు. నేను ఇవ్వలేదు. నాయనమ్మని ఎక్కించు."

ఆయన ఆ తుండులోనే మొహం పెట్టుకుని ఏడ్చాడు. బస్సులో సగం మంది కళ్ళు తుడుచుకున్నారు. నేను తుడుచుకోలేదని చెబితే మీరు నమ్మరు, చెప్పను కూడా.

తీరా దిగుదాం రా తల్లీ అంటే, అప్పుడు మొదలైంది పిల్లకి ఏడుపు. ఇంత కష్టపడి పట్టుకున్న సీటు వదిలి ఎందుకు దిగాలో దానికి బోధపడలేదు. ఇది బాపట్ల బస్సమ్మా, మనం తెనాలి పోవాలి అని తండ్రి చెబుతున్నాడు. "మరి నాయనమ్మకి సీటో?" అని వెక్కుతోంది. అప్పుడు నేను ముందుకు వెళ్ళాను.

"పాపా, నేను కంట్రోలర్ని. ఈ బస్సులన్నీ నేనే పంపిస్తాను. ఆ బస్సులో మీ నాయనమ్మ కూర్చుంది. మీ అమ్మ కూర్చుంది. కిటికీ పక్కన నీకు సీటు నేను పట్టుకున్నా."

పిల్ల నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "తుండు వేశావా?"

"వేశానమ్మా. ఎవరడిగినా ఇవ్వలేదు."

అప్పుడు ఊచ వదిలింది. తన తుండు తానే మడిచి చంకలో పెట్టుకుంది. దిగుతూ వెనక్కి తిరిగి, ఆ సీటు దగ్గర నిలబడ్డ ముసలాయనతో, "ఇంక నువ్వు కూర్చో తాతా," అంది. ఆ తర్వాతే ఆ బస్సు బాపట్లకి కదిలింది.

వాళ్ళని చూడగానే తల్లి ఏం చేసిందో, ముసలావిడ ఎన్ని దండాలు పెట్టిందో నేను రాయను. అది వాళ్ళది. నేను తిరిగి తిరునాళ్ళకు వెళ్ళే బస్సెక్కాను. అక్కడ మస్తాన్ బాబాయ్ గుంపునంతా పంపేసి, ఒక అరుగు మీద కూర్చుని విజిల్ తుడుచుకుంటున్నాడు.

స్పేర్ బస్సు ఎందుకు కదిలించావని తర్వాత అడిగారు. చెప్పాను. విన్న అధికారి, అయితే వచ్చే ఏడాది ఏం చేస్తే ఇలా జరగదో నువ్వే చెప్పు అన్నాడు. అదే నేను కోరుకున్నది. మరుసటి ఏడు బస్టాండును నాలుగు ముక్కలు చేశాను. తెనాలి బస్సులు కాలువ గట్టున, బాపట్లవి ఊరి అవతలి చివర, నిజాంపట్నంవి చెరువు దగ్గర, దగ్గర ఊళ్ళవి స్కూలు ఆవరణలో. ఔటు పేలితే జనం నాలుగు దిక్కులకీ చీలిపోవాలి తప్ప ఒక్క చోట పడకూడదు. బోర్డు సరిగా పెట్టాకే బస్సు జనం మధ్యకి రావాలి, ముందు కాదు. ఊరేగింపు గుడి వీధిలో ఉండగానే మైకులో చెప్పించాను, ముసలివాళ్ళు, గర్భిణులు, పసిపిల్లలున్నవాళ్ళు ఔటుకు ముందే బయల్దేరండి, మీకోసం బస్సులు వేరే ఉన్నాయి, వాటిలో అందరికీ సీట్లున్నాయి అని.

మా వాళ్ళు నవ్వారు. ఔటు చూడకుండా ఎవడు పోతాడయ్యా, బస్సులు ఖాళీగా పోతాయి అన్నారు. మొదటి బస్సు ఖాళీగానే పోయింది. రెండోది సగం నిండింది. మూడోదానికి జనం వరసలో నిలబడ్డారు. ఔటు శబ్దం బస్సులోంచి కూడా బాగానే వినిపిస్తుందని ఒక ముసలమ్మ తర్వాత తెనాలి బస్టాండులో కనబడి నాతో చెప్పింది. ఆ ఏడాది కిటికీలోంచి ఒక్క పిల్లని కూడా ఎవరూ ఎక్కించలేదు. ఎక్కించాల్సిన అవసరం రాలేదు.

తర్వాత సూర్యలంక సముద్రస్నానాలకీ, ఇంకెన్నో తిరునాళ్ళకీ ఆ పద్ధతే పెట్టారు. వేరే డిపోల వాళ్ళు వచ్చి, ఎలా చేశారండీ అని అడిగేవారు. పటం గీసి చూపించేవాణ్ణి. అది చూసి, తెలివైనవాడివి అనేవారు. కాదనేవాణ్ణి కాదు. కానీ ఆ పటం గీసిన ప్రతిసారీ ముందు ఔటుకు ముందు వెళ్ళే బస్సులనే వేసేవాణ్ణి, తర్వాతే మిగిలినవి. జనాన్ని తోలడం నేను అంతకు ముందే నేర్చుకున్నాను. వాళ్ళలో నిలబడలేనివాళ్ళు ఎవరో ముందు చూసుకుంటే, మిగిలినవాళ్ళు తమంతట తామే సర్దుకుంటారని మాత్రం చెరుకుపల్లి దగ్గర ఆగిన ఆ బస్సులో నిలబడ్డ జనాన్ని చూశాకే నాకు తెలిసింది.